ముమ్మక్క దుప్పటి బేరం

ఒకానొక రాజ్యంలో, దాని పేరు వేలాపురి అనుకోండి, ముమ్మక్క అనే పంతులమ్మ ఉండేది. ఆమె ఎవరికీ నోరు విప్పి చెప్పని సంగతి ఒకటుంది. పక్క గదిలో వల్లభయ్య పాఠం చెబుతున్నప్పుడల్లా, ఆ గొంతు బొంగురుపోయి మూగబోతే బాగుండునని ఆమె రోజూ కోరుకునేది.

ఇద్దరూ రాజుగారి వర్తక విద్యాశాలలో పంతుళ్ళే. వల్లభయ్య సరుకు పరీక్ష నేర్పేవాడు. గుర్రమైనా గంధపు చెక్కైనా ఒకసారి తేరిపార చూస్తే దాని మంచిచెడ్డలు ఆయనకు తెలిసిపోయేవి. ఇంటినిండా తాతలనాటి తాళపత్రాలు. ముమ్మక్క బేరం నేర్పేది. ఆమెకు గురువూ లేడు, పుస్తకమూ లేదు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగి, తిట్లు తిని, తిట్టి నేర్చుకున్న విద్య.

ఆయన గదిలో శిష్యులు నవ్వితే ఈమె కడుపు భగ్గుమనేది. ఈమె గది కిటకిటలాడితే ఆయన, "గాజుల సంతలో జనం ఉండరా ఏమిటి?" అని అందరికీ వినపడేలా గొణిగేవాడు. శిష్యులు ఇటొక ముక్క, అటొక ముక్క నేర్చుకుని, రెండూ అతకక, అంగడికెళ్ళి నిండా మునిగి వచ్చేవారు.

ఈ సంగతి రాజు ఉద్దండవర్మ చెవిన పడింది. ఆయన తనను మించిన బేరగాడు భూమ్మీద లేడనుకునేవాడు. అనుకోడా మరి! వంకాయలు కొన్నా సగం ధరకే ఇచ్చేవారు. రాజుతో గీచి గీచి బేరమాడి తల పోగొట్టుకునే వెర్రివాడెవడు?

"మా వర్తకులు ఓడిపోతున్నారంటే పంతుళ్ళకే చదువు రాదన్నమాట. నేనే పరీక్షిస్తాను" అన్నాడు రాజు.

గుర్రాల బేరం ఆ దేశంలో గుడ్డ చాటున జరిగేది. ఇద్దరి చేతులూ ఒక రుమాలు కింద పెట్టి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవారు. వేలు ఒకసారి నొక్కితే పది వరహాలు. చుట్టూ ఎందరున్నా ధర మూడోవాడికి తెలియదు.

మొదట ముమ్మక్క వెళ్ళింది. రాజు నూరు చెబితే ఇరవైకి దించి, నిగనిగలాడే గుర్రాన్ని కొనేసింది. కళ్ళెం పట్టుకుని రెండడుగులు వేయించిందో లేదో, అది వెళ్ళి స్తంభానికి గుద్దుకుంది. దానికి ఒక కన్ను లేదు.

తర్వాత వల్లభయ్య. ఆయన గుర్రాన్ని చూడగానే పరవశించిపోయాడు. "ఆహా, ఏం రొమ్ము! ఏం చెవులు! ఇలాంటి జాతి నూటికొకటి ఉంటే గొప్ప!" అని గుడ్డ కింద చేయి పెట్టకముందే పొగడడం మొదలుపెట్టాడు. నలభై చెబుదామనుకున్న రాజు రెండొందలు చెప్పాడు. వల్లభయ్య ఇచ్చేశాడు.

కొలువంతా పడీపడీ నవ్వింది. తను ఓడినందుకు ముమ్మక్కకు ఏడుపొచ్చింది. ఆయనా ఓడినందుకు ప్రాణం కాస్త కుదుటపడింది.

రాజు మీసం దువ్వాడు. "మూడు రోజుల్లో మళ్ళీ పరీక్ష. గుర్రం ఒక్కటే. దాని అసలు ధర ఆకు మీద రాయించి మంత్రి దగ్గర ఉంచుతాను. దానికి తక్కువలో కొన్నవారే గెలిచినట్టు. గెలిచినవారు ఉంటారు, రెండోవారు మూటాముల్లే సర్దుకోవాలి. ఇద్దరూ ఓడితే బడికి తాళం. ఇంకొక మాట. కొలువులో బేరగాడి నోరు ఒక్కటే కదలాలి. పక్కనుంచి ఇంకో నోరు అందించిందో, ఇద్దరికీ దేశబహిష్కారం!"

ముమ్మక్క రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బడి పోతే మళ్ళీ మలారం ఎత్తుకోవాలి. మూడో రోజు పొద్దెక్కాక, వెళ్ళకూడదనుకుంటూనే వల్లభయ్య గుమ్మం ఎక్కింది.

"ఏమమ్మాయ్, ఒంటికన్ను గుర్రం బాగుందా?" అన్నాడాయన.

"బాగానే ఉందండీ. మీ రెండొందల గుర్రాన్ని రోజూ పొగుడుతున్నారా, మానేశారా?"

ఆయన ముఖం ముడుచుకున్నాడు. ఆమె వచ్చిన పని చెప్పింది. "నేను కూర్చుంటాను. రుమాలు బదులు పెద్ద దుప్పటి పరుస్తాను, దాని కొంగు పట్టుకునే వంకతో మీరు నా పక్కన ఉండండి. గుర్రం ఎంత చేస్తుందో నా ఎడమ చేతి వేళ్ళు నొక్కి చెప్పండి."

"నేను నీ దుప్పటి మోయాలా? ఏడు తరాల పరీక్షకుల ఇంట్లో పుట్టి?"

"పోనీ మీరు కూర్చోండి, నేను మోస్తాను. మీ నోరు ఆగుతుందా?"

వల్లభయ్య ఆలోచించాడు. ఆగదని ఆయనకే తెలుసు. "సరే, నువ్వే గెలిచావనుకో. రాజు నిన్నుంచుకుని నన్ను వెళ్ళమంటాడు. అప్పుడు నువ్వు నన్ను గెంటేస్తే?"

ముమ్మక్క తల దించుకుంది. "గెంటేస్తానేమోనని నాకూ భయంగానే ఉందండీ."

ఆ జవాబు విని ఆయన ఉత్తరీయం సర్దుకుని లేచాడు. "అబద్ధం చెప్పి ఉంటే రాకపోదును. పద."

కొలువులో అంత పెద్ద దుప్పటి చూసి రాజు కనుబొమలు ఎగరేశాడు. "ఇదేమిటి ముమ్మక్కా, బేరానికొచ్చావా, పడుకోవడానికా?"

"ప్రభూ, రాజ్యాలేలే హస్తం. గుర్రాల వాళ్ళ చెమట రుమాలు కింద పెట్టించనా? వల్లభయ్యగారు కొంగు పట్టుకుంటారు, తమ చేతి మీంచి జారకుండా."

మహాపండితుడు దుప్పటి కొంగు పట్టుకుంటాడనేసరికి రాజు పొంగిపోయాడు. "పట్టుకోనీ, పట్టుకోనీ!"

గుర్రాన్ని తెచ్చారు. ఒళ్ళంతా బురద, జూలు చిక్కులు. పది వరహాలు కూడా చేయదని కొలువంతా ముక్కు మూసుకుంది. ముమ్మక్క కూడా అదే అనుకుంది. రాజు గుడ్డ కింద ఆమె వేలు ఆరుసార్లు నొక్కి అరవై చెప్పాడు. ఛీ అని లేవబోయింది. అంతలో ఆమె ఎడమ చేతి మీద వల్లభయ్య వేళ్ళు నొక్కడం మొదలుపెట్టాయి. నాలుగు. అయిదు. ఆరు. ఏడు. ఎనిమిది!

ఆమె తిరిగి చతికిలబడింది.

"ప్రభూ, దీన్ని కడగడానికే చెరువు నీళ్ళన్నీ కావాలి" అంటూ రాజు వేలు ఒక్కసారి నొక్కింది. రాజు మళ్ళీ ఆరుసార్లే నొక్కాడు. ఆమె నిట్టూర్చింది, తల కొట్టుకుంది, ఇంటికెళ్ళి కూర వండుకోవాలంది, లేచింది, కూర్చుంది. లేచిన ప్రతిసారీ రాజు నొక్కు ఒకటి తగ్గించాడు. తను చెప్పిన ధరకు ఒకరు లేచిపోవడం ఆయన జన్మలో చూడలేదు. అది ఓర్చుకోలేక, ఏం చేస్తున్నాడో మరిచి దించుతూ పోయాడు. చివరికి ముప్ఫైకి బేరం తెగింది.

మంత్రి ఆకు చదివాడు. "ఎనభై వరహాలు."

రాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. అది ఆయన ప్రాణంలా పెంచుకునే గుర్రం, మెరుపు. ఎవరొచ్చినా ఛీ కొట్టి పోతారని బురద పూయించి తెప్పించాడు.

"గెలిచావు" అన్నాడు. "బడి నీది. వల్లభయ్యా, ఆ కొంగు వదిలి బయల్దేరు. కానీ ముమ్మక్కా, దాన్నెలా పోల్చావు?"

దుప్పటి ఇంకా పరిచే ఉంది. దాని కింద వల్లభయ్య చేయి చల్లగా, కదలకుండా ఉంది. 'నేనే చూశాను' అంటే చాలు. ఆ గొంతు రేపటినుంచి వినపడదు. ఆ నవ్వులూ వినపడవు. గది రెట్టింపవుతుంది. ఆమె నాలుక చివరిదాకా వచ్చిందా మాట.

ముమ్మక్క దుప్పటి లాగేసింది.

రాజు చేయి ఒకటి, ముమ్మక్కవి రెండు, వల్లభయ్యది ఒకటి. కొలువు నిర్ఘాంతపోయింది.

"మోసం!" అని రాజు లేచి నిలబడ్డాడు. "ఒక్క నోరే కదలాలన్నాను!"

"ఒక్కటే కదిలింది ప్రభూ. వల్లభయ్యగారి నోరు ఇంతసేపు మూసుకుని ఉండడం నేను చూడడం ఇదే మొదలు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగలేదు. "మొన్న నన్ను ఒంటరిగా పిలిచారు, కన్ను లేక ఓడాను. ఆయన్ని ఒంటరిగా పిలిచారు, నోరు ఎక్కువై ఓడారు. బడిలోనూ అంతే. మధ్యన గోడ పెట్టుకుని, అటు చూపు నేర్పి, ఇటు మాట నేర్పి, ఒక్క వర్తకుణ్ణి సగానికి చీల్చి అంగడికి పంపుతున్నాం. తప్పు మాదే. తమ గుర్రం తమకు కావాలంటే చెప్పండి, అమ్ముతాను."

"ఎంతకు?" అన్నాడు రాజు ఆత్రంగా.

"ఆ గోడకు. పడగొట్టించి, ఇద్దరినీ ఒకే గదిలో ఉంచండి."

"గోడకు గుర్రమా! గోడతో పాటు రెండు కిటికీలు కూడా..." అని రాజు మొదలుపెట్టి, ఎదుటివాళ్ళు అడక్కుండానే ధర పెంచుతున్నానని తట్టి, పగలబడి నవ్వాడు. "బేరం నాకు రాదన్నమాట!" అని ముమ్మక్క చేతికి రవ్వల కంకణం తొడిగాడు, వల్లభయ్యకు శాలువా కప్పాడు.

"అన్నట్టు పండితుడా, ఆ బురదలో దాన్నెలా గుర్తుపట్టావు?"

"నడకే ప్రభూ. ముందుకాలి జాడను దాటి వెనకకాలు పడుతోంది. మేలుజాతి గుర్రానికే అంత పెద్ద అంగ."

"ఆహా, ఏం చూపు! ఏం కన్ను!" అని కొలువంతా చప్పట్లు కొట్టింది. చేతికి కంకణం ఉండగానే ముమ్మక్కకు మళ్ళీ కడుపు భగ్గుమంది.

ఆ సాయంత్రం గోడ పడింది. ముమ్మక్క ఇటుకల మధ్య నిలబడింది. బడి బయట రాజుగారి గుర్రం వెళ్తుంటే దాని కాళ్ళకేసి చూసింది. ముందుకాలు, వెనకకాలు, దుమ్ము. ఎంత చూసినా ఆమెకేమీ కనబడలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ 'నాకు నేర్పండి' అని అడగలేదు. కాసేపు కంకణం తిప్పుకుంది, కాసేపు పళ్ళు కొరుక్కుంది. ఆఖరికి, రేపు శిష్యులు రాకముందే వచ్చి గుర్రాన్ని చూడడం నేర్పమని వల్లభయ్య ఇంటికి కబురు పంపాలని నిశ్చయించుకుంది.