నెమలిమెడ రంగు గొడ్డలి

అనగనగా ఒక కొండకింది ఊళ్ళో ఇంటికో గొడ్డలి, గొడ్డలికో రంగు. ఒకరిది ఎరుపు, ఒకరిది ఆకుపచ్చ, ఇంకొకరిది నూనె పట్టిన నలుపు. కొలిమిలోంచి కొత్తగా వచ్చినప్పుడు కమ్మరి వేసిన రంగులే అవి. వాడగా వాడగా పెచ్చులూడి, నీ చెక్కబొమ్మ ముక్కులా ఉండేవి.

కాలు తియ్యి చిట్టీ. నా మీద వేస్తే కథ ఎలా నడుస్తుంది?

ఆ ఊరికి నూకరత్నం అని ఒక కొత్త కోడలు వచ్చింది. వాళ్ళ నాన్న గౌరన్న కమ్మరి. సారెలో ఒక గొడ్డలి కూడా పెట్టి పంపాడు. దాని రంగేమిటనుకున్నావ్? నెమలిమెడ రంగు! నీలంలో పచ్చ, పచ్చలో నీలం, పైన సన్నటి లక్క పూత. పొద్దుటి ఎండలో పెడితే ఇప్పుడే రెక్కలొచ్చి ఎగిరిపోతుందేమో అనిపించేదట. పుట్టిల్లు మీద బెంగ పుట్టినప్పుడల్లా రత్నం దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూసుకునేది.

"అందరి కోడళ్ళూ చలిమిడి తెచ్చుకుంటారు, మా కోడలు గొడ్డలి తెచ్చుకుంది" అని అత్త సన్యాసమ్మ ఊరంతా చెప్పి నవ్వింది.

అప్పుడు దసరా దగ్గరికొచ్చింది. ఆయుధపూజకి ఇంటింటి గొడ్డలీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, అమ్మవారి ముందు వరసగా ఉంచాలి కదా. సరిగ్గా అప్పుడే సానరాయి మోసుకుంటూ ఒక మనిషి వచ్చాడు.

"ఈ వెలిసిపోయిన రంగులతోనా తల్లి ముందు పెడతారు? ఇటివ్వండి, అద్దాల్లా చేసిస్తాను" అన్నాడు.

ఊరంతా పట్టుకెళ్ళి ఇచ్చారు. ఊరికే గోకితే పోయే రంగులా అవి? అందుకని అతను గొడ్డళ్ళన్నీ నిప్పుల్లో పడేశాడు. రంగు బుడగలు బుడగలుగా లేచి, కమురు కంపు కొట్టి, నల్లగా రాలిపోయింది. ఆ తర్వాత సానరాయి మీద రుద్దాడు. తళతళా తళతళా!

రత్నం మాత్రం ఇవ్వలేదు. మొగుడు అప్పలకొండ బతిమాలాడు. ఇవ్వలేదు. ఆడపడుచు పోలమ్మ పురిటికి వచ్చి ఉంది. పొత్తిళ్ళలో పాపని ఊపుతూ "ఇచ్చెయ్యి వదినా, నీ నెమలి ఏం ఏడవదులే" అని నవ్వింది. ఇవ్వలేదు. అప్పుడు అత్తే నడుం మీద చెయ్యి వేసుకుని వచ్చింది.

"రంగు చెక్కు చెదరకుండా ఉంటే, ఇనుము మళ్ళీ నిప్పు చూడలేదని గుర్తంట అత్తా. కాల్చి, నీళ్ళలో ముంచి గట్టిచేసిన ఇనుము మళ్ళీ ఊరికే కాలితే మెత్తబడిపోతుందని మా నాన్న చెప్పాడు" అంది రత్నం.

"మీ నాన్న చెప్పాడూ, నువ్వు విన్నావూ!" అని మూతి తిప్పింది సన్యాసమ్మ. "పూజ నాటికి అది మెరవకపోయిందా, పాత ఇనుము కింద పీచుమిఠాయి వాడికి వేసేస్తాను."

ఆ రోజు రత్నం గొడ్డలిని చూరులో దాచేసింది, అన్నం సగమే తింది.

పూజ రేపనగా గాలివాన పట్టుకుంది చిట్టీ. కొండంతా హోరు. పెరట్లో, వాగు పక్కన, పోలమ్మకి అంతకుముందే పురిటిపాక వేసి ఉంచారు. అప్పుడేమైందీ, గట్టు మీది నల్లమద్ది చెట్టు వేళ్ళతో సహా లేచి, ఆ పాక వాకిలికి అడ్డంగా దబ్బున పడింది. లోపల తల్లీ పాపా. వాగు పొంగి గుమ్మం దాటుతోంది. గోడ పగలగొడదామంటే కప్పు కూలి వాళ్ళ మీదే పడుతుంది.

"అమ్మా! నీళ్ళు మంచం కోళ్ళకి వచ్చేశాయే!" అని లోపలినుంచి పోలమ్మ కేక.

అప్పలకొండ తన గొడ్డలితో పరుగెత్తాడు. ఒక్క దెబ్బ వేశాడు. అద్దంలాంటి అంచు అప్పడంలా మడతపడిపోయింది. ఆ తర్వాత పక్కింటి గవరయ్య మామ తన గొడ్డలి ఎత్తాడు. అదీ అంతే, పళ్ళూడిన ముసలమ్మలా అయిపోయింది. మద్దిచెక్క మీద గాటైనా పడలేదు.

"నా కూతురు! నా మనవరాలు!" అని సన్యాసమ్మ బురదలో కూలబడింది.

అప్పుడు చూరులోంచి నెమలి దిగింది.

రత్నం కొంగు బిగించింది. అప్పలకొండ చెయ్యి చాపాడు. "ఇది మా నాన్న నాకిచ్చింది, తప్పుకో!" అంది. కొలిమి ఇంట్లో పుట్టిన పిల్ల, గొడ్డలి పట్టడం ఒకరు నేర్పాలా? ఎత్తి ఒక్కటేసింది. ఠప్! చెక్క లేచి గవరయ్య మామ తలపాగా ఎగరగొట్టింది. మళ్ళీ ఠప్! వానలో ఆ నీలం మెరుస్తోంది, మెరుపుతో పోటీ పడుతోంది. ఇంకో ఠప్, ఇంకో ఠప్! మాను రెండు తుండాలైంది. ఊరంతా ఒక్క పట్టు పట్టి తుండం దొర్లించారు. పోలమ్మ పాపని నెత్తి మీదికెత్తుకుని బయటికొచ్చింది. ఆ పాప ఉందే, ఇంత గొడవలోనూ నిద్దరపోతోంది, నీలాగే!

ఏమిటీ, నువ్వు నిద్రపోవట్లేదా? సరే, విను.

మర్నాడు గాలీ వానా తెరిపిచ్చాయి. పూజలో తళతళలాడే గొడ్డళ్ళన్నీ వంకర మూతులతో వెనక వరసలో కూర్చున్నాయి. ముందు, నట్టనడుమ, పెచ్చులూడిన నెమలి. సన్యాసమ్మే పెట్టింది. రంగు కనపడాలని పసుపు కూడా చిటికెనవేలితో ఒక మూలకే అద్దింది.

ఆ తర్వాత గౌరన్నకి కబురెళ్ళింది. ఆయన కొలిమి తిత్తి మోసుకొచ్చి, ఊరి గొడ్డళ్ళన్నీ మళ్ళీ కాల్చి, నీళ్ళలో ముంచి, అంచులు గట్టిచేశాడు. ఎవరి రంగు వాళ్ళకి వేశాడు. సన్యాసమ్మ మాత్రం "అన్నయ్యా, మాకూ ఆ నెమలి రంగే" అని పట్టుబట్టింది. ఇప్పుడు వాకిట్లోకి ఎవరొచ్చినా కోడలి గడ్డం పుణికి చెప్తుంది:

"వాళ్ళ నాన్న చెప్పాడూ, మా పిల్ల విన్నదీ!"

వరదేమో ఏటికి,
గొడ్డలేమో ఇంటికి,
కథేమో కంచికి,
కునుకేమో కంటికి.