పేరున్న కంచం

సంచిలోంచి తీసిన వెండి కంచాన్ని ఏ పక్కన పెట్టాలో సువర్చలకి తోచలేదు.

కుడిపక్క కరిగించేవి. ఎడమపక్క మెరుగుపెట్టి మళ్లీ అమ్మేవి. ఏలూరులో కాళికమ్మ కొట్టుకి పాత వెండి ఏది వచ్చినా ఈ రెండు గుట్టల్లో ఒకదానిలోకి పోవాల్సిందే. ఆ ఏరివేత సువర్చల పని. చేరిన కొత్తలో ఒక్కో వస్తువునీ పరీక్షలో తెలియని ప్రశ్న వచ్చినట్టు చూసేది. ఇప్పుడు ఒక్క చూపు చాలు. కుందులు, పన్నీరుబుడ్లు, గంధపు గిన్నెలు అమ్మకానికి. కంచాలు, గ్లాసులు, చెంచాలు మూసలోకి, అంటే కుంపట్లో వెండి కరిగించే మట్టిపాత్రలోకి.

ఎందుకంటే ఎంగిలి. ఊళ్లో ఏ షాపువాణ్ణి అడిగినా ఇదే చెబుతాడు. తొమ్మిది వందల ఇరవై అయిదు అని ముద్ర కొట్టిన స్టెర్లింగ్ వెండైనా సరే, ఒకరు తిన్న కంచాన్ని ఇంకొకరు కొనరు. నిప్పులో పడి కరిగితే ఎంగిలి పోతుందట. అదే వెండిని సాగగొట్టి కొత్త కంచం చేసిస్తే కళ్లకద్దుకుని పట్టుకెళతారు. ఊరందరూ తిన్న ప్లేట్లలో హోటల్లో ఇడ్లీ తినే పెద్దమనుషులే వాళ్లంతా.

కాబట్టి ఈ కంచం కుడిపక్కకి పోవాలి. అందులో ఆలోచించడానికేమీ లేదు.

కానీ దాని అంచు మీద సన్నటి చుక్కలతో పేరు వేయించి ఉంది. ‘చి.ల.సౌ. సువర్చలకు, అమ్మ.’

ముందు గదిలోంచి ఒక గొంతు వినబడుతోంది. ఆ గొంతు ఎవరిదో తెలుసుకోడానికి తలుపు సందులోంచి తొంగిచూడక్కర్లేదు. మూడేళ్లు ఆ గొంతు పిలిస్తే లేచింది, ఆ గొంతు తిడితే తలొంచుకుంది. మాణిక్యమ్మ. ఒకప్పటి అత్తగారు.

"తాడేపల్లిగూడెం నుంచి పనిగట్టుకుని వచ్చానమ్మా," అంటోంది మాణిక్యమ్మ. "మా ఊళ్లో ఇస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. ఇక్కడైతే మీరు తరుగు ఎక్కువ తియ్యరని చెప్పారు. మా అబ్బాయికి మళ్లీ సంబంధం కుదిరింది. మొదటిది నిలవలేదులెండి."

"అయ్యో. పోయిందా?"

"పోవడమా? బంగారంలా ఉండే ఉంటుంది ఎక్కడో. కట్టుబట్టలతో లేచి వెళ్లిపోయింది. పొగరు. మావాడేదో రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. అంతమాత్రానికే కాపురం వదులుకుంటారా ఎవరైనా?"

"రెండుసార్లేనా?" అంది కాళికమ్మ.

"ఏమోనమ్మా, అవన్నీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటామా! సరే, ఆ కంచం కరిగించి కొత్త కోడలి పేరు వేసి చేసివ్వండి. ఆ పిల్ల తల్లి మహా పట్టింపు మనిషి. మొదటి పెళ్లాం ఎంగిలి కంచంలో మా పిల్ల తినదు అని ముందే చెప్పేసింది."

"మరి మీ అబ్బాయి సంగతేం చెప్పింది?"

"ఏం చెబుతుంది?"

"ఆయన్ని కూడా కరిగించి కొత్తగా చేయించమందా?"

మాణిక్యమ్మకి అర్థం కాలేదు. అర్థమైనా కానట్టే ఊరుకుని ఉండొచ్చు. ఆడవాళ్లు అలా ఊరుకోవడం వల్లే చాలా ఇళ్లు నిలబడి ఉన్నాయి మరి.

లోపల సువర్చలకి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. కంచం ఇంకా ఒళ్లోనే ఉంది.

ఆ వీధిలో కుంపటి ముందు కూర్చునే ఆడది కాళికమ్మ ఒక్కతే. తండ్రి దగ్గర పని నేర్చుకుంది. ఆయన పోయాక అన్నదమ్ములు ఆడది మూస ముట్టుకుంటే అచ్చిరాదన్నారు. పనిముట్లలో తన వాటా తను తీసుకుని పక్క సందులోనే కొట్టు పెట్టింది. సువర్చల పని నేర్పమని ఎన్నో కొట్లలో అడిగి, ఎకసెక్కాలు విని, చివరికి ఆవిడ గడప ఎక్కింది. కాళికమ్మ ఏ ప్రశ్నా వెయ్యలేదు. ఊదుగొట్టం చేతికిచ్చి నిప్పు రాజెయ్యమంది. మంట ఎగిసి సువర్చల కనుబొమలు కాలాయి. "మళ్లీ మొలుస్తాయిలే, ఊదు," అంది. ఆవిడ పాఠాలు ఆ సైజులోనే ఉంటాయి.

తలుపు తోసుకుని కాళికమ్మ లోపలికి వచ్చింది.

"ఏమే, ఇంకా తేలలేదా?"

సువర్చల కంచం చూపించింది. కాళికమ్మ కళ్లజోడు సర్దుకుని అంచు మీది పేరు చదివింది. తర్వాత సువర్చల మొహం చదివింది. గొంతు తగ్గించి, "ఆవిడేనా?" అంది.

సువర్చల తలూపింది.

"కరిగించేద్దాం గురువుగారూ. నా చేత్తోనే కరిగిస్తాను. ఆ ఇంట్లోంచి నేనేమీ తెచ్చుకోలేదు. ఏమీ అక్కర్లేదని విడాకులప్పుడే రాసిచ్చేశాను. ఒక్క చెంచా కూడా అడగలేదు. ఇప్పుడు ఈ కంచం కోసం ఆవిడతో నోరు చేసుకుంటానా? నాకు ఆత్మాభిమానం ఉంది."

ఈ మాట చెప్పేటప్పుడల్లా సువర్చల మెడ నిటారుగా లేచేది. ఇప్పుడు తనుంటున్న లేడీస్ హాస్టల్లో పక్కమంచం అమ్మాయికి చెప్పినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. దాన్ని అత్తింటివాళ్లు పొగరన్నారు, ఆమె అభిమానమంది. ఎవరు ఏ పేరు పెట్టినా వెండి మాత్రం వాళ్ల బీరువాలోనే ఉండిపోయింది.

"ఎవరు చేయించారు దీన్ని?" అడిగింది కాళికమ్మ.

"మా అమ్మ."

"ఆవిడ ఏం చేస్తుంది?"

"నూజివీడులో ఆడపిల్లల హాస్టల్లో వంట. ఊరందరి పిల్లలకీ సొట్టలు పడ్డ కంచాల్లో వడ్డిస్తాను, నా పిల్ల వెండి కంచంలో తినాలి అనేది."

"తిన్నావా మరి?"

సువర్చల చుక్కల మీద వేలు పెట్టి తన పేరు తనే తడిమింది.

"అందులో ఆయన తినేవాడు. మగవాడు వెండి కంచంలో తింటే ఇంటికి కళ అన్నారు అత్తగారు. నాకు స్టీలుది. అమ్మ ఫోన్లో అడిగేది, కంచంలో తింటున్నావా అని. తింటున్నానని చెప్పేదాన్ని."

కాళికమ్మ కంచం తీసుకుని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లింది.

కరిగించే ముందు మురికి వదిలిస్తోంది కాబోలనుకుంది సువర్చల. కుంపట్లో బొగ్గులు వేసి ఊదింది. మూస కడిగి పెట్టింది. పటకారు దగ్గరికి లాక్కుంది. ఒక్కసారి కూడా పెరటి వైపు చూడనందుకు తనని తను మెచ్చుకుంది కూడా.

పెరట్లో కాళికమ్మ కుంకుడురసంతో కంచాన్ని తోమింది. మెత్తటి గుడ్డతో తుడిచింది. గూట్లోంచి క్యారియర్ అందుకుని, కంచంతో సహా ముందు గదిలోకి నడిచింది. కొట్టు మధ్యలో చాప పరిచింది. కంచంలో అన్నం పెట్టి, ముద్దపప్పు వేసి, పక్కన గోంగూర పచ్చడి పెట్టి, పైన నెయ్యి వేసింది.

"సువర్చలా! భోజనానికి రా," అని కేకేసింది.

సువర్చల మసి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

మాణిక్యమ్మ చూసింది. ముందు సువర్చలని, తర్వాత కంచాన్ని, మళ్లీ సువర్చలని.

"నువ్వా! నువ్విక్కడ తగలడ్డావా! ఆ చేతులేంటి, ఆ వాలకమేంటి? మహారాణిలా ఉండేదానివి మా ఇంట్లో." కాళికమ్మ వైపు తిరిగింది. "ఏమమ్మా, కరిగించమని ఇస్తే నా కంచంలో దీనికి అన్నం పెడతారేంటి?"

"మీ పేరేంటన్నారు?" అంది కాళికమ్మ.

"మాణిక్యమ్మ."

"మీ అబ్బాయి పేరు?"

"భాస్కర్రావు. ఇప్పుడవన్నీ ఎందుకు?"

కాళికమ్మ వంగి కంచం అంచంతా మరోసారి చూసింది. "ఇక్కడ ఆ రెండు పేర్లూ కనబడటం లేదండీ. సువర్చల అని ఉంది. మా కొట్లో పేరున్న వెండి కరిగించాలంటే ఆ పేరు గలావిడ చెప్పాలి." సువర్చల వైపు చూసింది. "చెప్పు. కరిగించమంటావా?"

లోపల బొగ్గులు చిటపటమంటున్నాయి. కుంపటి రాజేసింది తనే. నా చేత్తోనే కరిగిస్తానన్నదీ తనే. సువర్చలకి అన్నీ వినబడుతున్నాయి, నెయ్యి వాసన కూడా వేస్తోంది.

ఆమె పెరట్లోకి వెళ్లింది.

"చూశారా, దానికే లేదు దాని మీద ఆశ," అంది మాణిక్యమ్మ. "ఏమీ అక్కర్లేదని కాయితం రాసిచ్చిన మనిషి."

కుళాయి చప్పుడు ఆగింది. సువర్చల చేతులు కడుక్కుని వచ్చి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పప్పూ అన్నం కలిపింది. ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.

"ఎంగిలి చేసేస్తోంది! ఆపండమ్మా! దీని ఎంగిలి వదిలించుకోడానికే కదా నేనింత దూరం వచ్చింది!"

సువర్చల ముద్ద మింగింది. మూడేళ్లలో ఒక్కసారి కూడా తను పేరు పెట్టి పిలవని మనిషి వైపు తలెత్తి చూసింది.

"మాణిక్యమ్మగారూ, దీనికున్న ఎంగిలి మీ అబ్బాయిది. నేను ఇందులో తినడం ఇదే మొదటిసారి. కొత్త వియ్యపురాలితో ఆ మాట కూడా చెప్పండి. మర్చిపోకండి."

మాణిక్యమ్మ దొంగకొట్టని, ముఠాగా ఏర్పడి మోసం చేస్తున్నారని, పోలీసుల దగ్గరికి వెళతానని అంది. మగదిక్కు లేని కొట్లు ఇలాగే ఏడుస్తాయంది.

"స్టేషను ఎడమచేతి వైపు," అంది కాళికమ్మ. "మీ అబ్బాయిని కూడా పిలిపించుకోండి. ఆ రెండు దెబ్బల సంగతి ఆయన నోటితోనే చెబుతాడు, మీకు లెక్క గుర్తులేదన్నారుగా."

సంచిలో కంచంతో పాటు వచ్చిన జత కుందులు లోపలి నుంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇవి మీవి. వీటి మీద ఎవరి పేరూ లేదు. సొట్ట కూడా లేదు. కరిగించకండి, మంచివి."

మాణిక్యమ్మ కుందుల్ని సంచిలోకి తోసుకుంది. గుమ్మం దిగుతూ, "ఇలాంటి దాన్ని మళ్లీ ఎవడు చేసుకుంటాడో చూస్తాను," అంది.

"నేనూ అదే చూస్తున్నాను," అంది సువర్చల గోంగూర కలుపుకుంటూ. "చేసుకోడానికి వాడికి ఏ అర్హతలుండాలో ఇంకా తేల్చుకోలేదు."

చెప్పుల చప్పుడు సందు మలుపు తిరిగింది. కాళికమ్మ లోపలికి వెళ్లి కుంపట్లో నిప్పు మీద నీళ్లు చల్లి వచ్చింది. గది కాసేపు తడిబూడిద వాసన వేసింది.

వెండి కంచంలో అన్నం రుచే వేరు అనేవాళ్లు ఆ ఇంట్లో. సువర్చల నిజమే కాబోలనుకునేది. ఇప్పుడు తిని చూస్తే వేరేమీ లేదు. గోంగూర గోంగూరలాగే పుల్లగా ఉంది. పప్పులో ఉప్పు కొంచెం తగ్గింది. అమ్మకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాలనుకుంది.

అన్నం సగమయ్యాక ఆమె చెయ్యి ఆగింది.

"గురువుగారూ, ఆవిడ అన్నది నిజమే కదా. నాకేమీ అక్కర్లేదని రాసిచ్చాను. ఇచ్చిన మాట తప్పినట్టు కాదూ?"

కాళికమ్మ గరిటెడు అన్నం తీసి కంచం దాకా తెచ్చి, గాల్లోనే ఆపింది.

"అక్కర్లేదా?" అంది.

సువర్చల కంచాన్ని ముందుకు జరిపింది.