అన్నానికా, అన్నంలోకా?

అనగనగా ఒక అడవి. మన ఊరి అడవి కాదర్రా, సముద్రం దాటి వెళ్ళాలి. బాలి అనే దీవిలో ఉంది. ఆ అడవి అంచున వరిచేలు. చేల పక్కనే ఒక పూటకూళ్ళ ఇల్లు. దేశదేశాల నుంచి యాత్రికులు వచ్చి అక్కడ భోంచేసి వెళ్ళేవారు.

ఆ చేలల్లో కోమాంగ్ అనే బాతు ఉండేది. మెడ పొడుగు, ముందుచూపు పొట్టి.

ఒకరోజు కోతి చెట్టు దిగి వచ్చింది. యాత్రికుల కళ్ళజోళ్ళు ఎత్తుకుపోవడం దాని వృత్తి. అందుకని వాళ్ళ మాటలన్నీ దానికి తెలుసు.

"ఒరే కోమాంగ్! బాలి వచ్చినవాళ్ళంతా మూడు పేర్లే తలుస్తున్నారు. ఒకటి, నిమ్మగడ్డి కాడకు చుట్టి కాల్చిన చేప. రెండు, కొబ్బరికోరు కలిపిన లావార్ కూర. మూడు, బెబెక్ బెతుతు" అంది కోతి.

బెబెక్ అంటే అక్కడివాళ్ళ మాటలో బాతు. బెతుతు అంటే ఏమిటో కోమాంగ్ అడగలేదు. బిరుదనుకుంది.

"నా పేరు అంతదూరం వెళ్ళిందా!" అని తోక ఊపుకుంటూ పూటకూళ్ళ ఇంటి పిల్లి దగ్గరికి పోయింది.

"పిల్లిబావా, లోపల బాతులకు మర్యాదలు ఎలా చేస్తారు?"

పిల్లి అబద్ధం చెప్పదు. అడగనిది కూడా చెప్పదు. "పసుపు, అల్లం, వెల్లుల్లి నూరి ఒళ్ళంతా పట్టిస్తారు. ఆకుల్లో చుట్టి వెచ్చటి ఊకలో పడుకోబెడతారు. యాత్రికులు ఒకరోజు ముందే చెప్పి, ఎదురుచూస్తారు" అంది.

"అచ్చం పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టే!" అంది కోమాంగ్.

"పెళ్ళికొడుకును ఆకులో చుట్టరు" అంది పిల్లి. కోమాంగ్ అప్పటికే కాలువలో స్నానానికి దిగింది.

గట్టు మీద ముసలి కొంగ ఉంది. కోమాంగ్‌ని గుడ్డులోంచి వచ్చిననాటి నుంచీ ఎరుగును. కోమాంగ్ చెప్పిన సంగతి వినగానే గబగబా గట్టు దిగి వచ్చింది.

"ఒరేయ్ నాయనా, ఒక్కమాట చెప్పు. నిన్ను అన్నానికి రమ్మన్నారా, అన్నంలోకి రమ్మన్నారా?"

"రెండూ ఒకటేగా అత్తా! ఎలాగైనా అన్నం దగ్గరికేగా!"

"పోయిన పండక్కి గెదే అనే పంది కూడా ఇలాగే పసుపు రాయించుకోవడానికి వెళ్ళాడు. తిరిగొచ్చాడా?"

"రాలేదు. మర్యాదలు అంత బాగున్నాయన్నమాట!"

"వెళ్ళకురా, నా మాట విను!" అని కొంగ దారికి అడ్డంగా రెక్కలు చాపింది.

"నీ పేరు ఎవరూ అడగలేదని నీకు కుళ్ళు అత్తా" అని కోమాంగ్ రెక్క కిందనుంచి దూరి పోయింది.

దొడ్డిదారిన పోలేదు. పెద్ద గుమ్మంలోంచే వెళ్ళింది. వంటామె చూసి, "ఓర్నాయనోయ్! వెతుక్కుంటూ పోదామనుకున్నా, నువ్వే వచ్చావా!" అని రెండు చేతులా ఎత్తుకుంది. కోమాంగ్ వెనక్కి తిరిగి కొంగ వైపు గర్వంగా చూసింది.

మర్నాడు సాయంత్రం కొంగ పూటకూళ్ళ ఇంటి కప్పు మీద వాలింది. కింద పిల్లి మూతి తుడుచుకుంటోంది.

"ఏమన్నారు బాబూ యాత్రికులు?" అంది కొంగ.

"తెగ మెచ్చుకున్నారు. ఆకు కూడా నాకారు" అంది పిల్లి.

కొంగ ఏడ్చింది. చెప్పినా వినని పిల్లలకోసం పెద్దవాళ్ళు ఏడ్చే ఏడుపు అది, ఎంతకీ ఆగదు.

అంతలో ఒక కోడి ఎగురుకుంటూ వచ్చింది. "కొంగత్తా, విన్నావా? బాతు దొరకని రోజున నా పేరు చెబుతున్నారట! కోతి చెప్పింది. నేను వెళ్ళొస్తా!"

కొంగ కళ్ళు తుడుచుకుంది. "అన్నానికా, అన్నంలోకా?" అంది.

కోడి ఒక కాలు ఎత్తి, ఎత్తినట్టే ఆగిపోయింది. గుమ్మం వైపు చూసింది. పిల్లి మూతి వైపు చూసింది. ఆ ఎత్తిన కాలు వెనక్కి వేసి, పొదల్లోకి ఒకటే పరుగు.

కోడికేమీ పెద్ద బుర్ర లేదర్రా. అడిగిన మాట విని ఒక్కక్షణం ఆలోచించింది, అంతే.

నీతి: మన పేరు నలుగురి నోళ్ళలో నానుతోందని మురిసిపోయేముందు, పేరొక్కటే నానుతుందా, మనమూ నానాలా అని అడిగి తెలుసుకోవాలి.