గోధుమ పొట్టమీద గీత

ఒకప్పుడు గోధుమ గింజ ఆవగింజలా గుండ్రంగా, నున్నగా, మెత్తగా ఉండేది. వేళ్లతో నొక్కితే చాలు, నలిగిపోయేది. పైగా "నేనెంత సుకుమారమో!" అని మురిసిపోయేది.

ఆ రోజుల్లో బుచ్చవ్వ అనే ఆవిడ తన నల్లరేగడి చేలో గోధుమలు చల్లింది. ఆమె కూతురు పోశి జ్వరంపడి లేచింది. జొన్నరొట్టె గొంతు దిగడంలేదు. గోధుమరొట్టె పెడితేనే పిల్ల కోలుకుంటుందన్నాడు వైద్యుడు. బుచ్చవ్వ ఆశలన్నీ ఆ చేనుమీదే.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. ఇక పొద్దున్నే కురిసే మంచే చేనుకు దిక్కు. ఆకులమీది మంచు రాలిపోతుందేమోనని బుచ్చవ్వ చీర ఎత్తిపట్టుకుని నడిచేది. "మంచుతల్లీ, నీకు దండం పెడ్త. నా పోశి రొట్టెకోసం ఈ చేనును బతికియ్యి" అని మొక్కేది.

గింజ ఆ మాట విన్నది. "మంచూ, కాసేపు ఉండవూ? నాలో పాలు పోసుకుని పిండి కట్టే వేళ ఇది. నువ్వు పోతే నేను వట్టి పొట్టునవుతా. పోశి రొట్టెకు పిండెక్కడిది?" అని అడిగింది.

"ఉండాలనే ఉంది. సూర్యుడొస్తే ఆవిరైపోతానే!" అంది మంచు.

"అయితే నా పొట్టలో దాక్కో!"

గింజ తన నున్నటి పొట్టను లోపలికి మడిచింది. మంచుచుక్క అందులోకి జారింది. అది చూసి చేలోని చాలా గింజలు అలాగే చేశాయి. ఎండ మండేకొద్దీ గింజ ఇంకా బిగుసుకుంది. లోపల పిండి ఊరి నిండుగా తయారైంది. అందం పోతుందని మడవని గింజలేమో ఎండి ముడుచుకుపోయాయి.

కోతయ్యాక బుచ్చవ్వ గోధుమలు విసరబోయింది. విసుర్రాయి లబోదిబోమంది. "ఓ బుచ్చవ్వా, ఏం గింజలే ఇవి, నా పండ్లు కదుల్తున్నయ్! తోలు ఎండి పెళుసైంది. అది నుగ్గయి పిండిల కలిస్తే పిల్ల గొంతుకు గుచ్చుకుంటది. జర నీళ్లు చిలకరించి, తడిబట్ట కప్పు."

బుచ్చవ్వ అలాగే చేసింది. మర్నాడు విసిరితే పొట్టు పెద్ద పెద్ద రేకులుగా ఊడింది. జల్లెడ కింద తెల్లటి పిండి రాలింది. పోశి రొట్టె తిని "ఇంకోటి పెట్టవే అమ్మా" అంది. బుచ్చవ్వకు కళ్లు నిండాయి. చేనువైపు తిరిగి, "సల్లగుండు తల్లీ, నా బిడ్డను నిలబెట్టినవ్" అని చేతులెత్తింది.

మడతలోని పొట్టు మాత్రం ఊడలేదు. "అది కూడా వదలవే!" అని విసుర్రాయి గదమాయించింది.

"నన్ను బతికించిన మంచుకు చోటిచ్చిన మడత ఇది. నేను విప్పను" అంది గింజ.

అప్పటినుంచే గోధుమ గట్టిపడింది. నిండు గింజ పిండినిస్తుంది, ఎండి ముడుచుకున్న గింజ వట్టి పొట్టునిస్తుంది. ఎంత పెద్ద మరలో ఆడించినా, పొట్టమీద గీతలా కనిపించే ఆ మడతను మాత్రం గోధుమ ఈనాటికీ పూర్తిగా విప్పదు.