చెప్పినట్టు చేసే ఆఫీసులో మెయిల్ ఆగిన రోజు

అంబాజీపేటలో సత్తిరాజుగారికి కొబ్బరిపీచు మ్యాట్ల వ్యాపారం ఉంది. దానికో చిన్న ఆఫీసు, ఆ ఆఫీసులో ముగ్గురు మనుషులు. మేనేజరు భీమేశ్వర్రావు, కంప్యూటర్ ముందు కూర్చునే వీరవేణి, పైపనులు చూసే తాతబ్బాయి. కోనసీమ మొత్తంలో తమకున్నంత తెలివి ఇంకెవరికీ లేదని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఒకరినొకరు అడిగి రూఢి చేసుకున్నారు కూడా.

ఆ తెలివంతా ఒక పుస్తకంలో ఉంది. ఎవరేం చెప్పినా భీమేశ్వర్రావు పొల్లుపోకుండా అందులో రాస్తాడు, వీరవేణి పైకి చదువుతుంది, తాతబ్బాయి చేసేస్తాడు. రెండు మాటలు ఒకదానికొకటి అడ్డొస్తే ఆఖరున చెప్పిందే చెల్లుతుంది. "సొంత బుర్ర వాడామనుకోండి, తప్పులొచ్చేస్తాయండి" అంటాడు భీమేశ్వర్రావు. ఎప్పుడో ఒకసారి వాడి చూసినట్టే చెప్తాడు.

ఆ రోజు సత్తిరాజుగారు మేనకోడలి పెళ్ళికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగారు.

"ఇదిగో, చెన్నై హోటళ్ళవాళ్ళు ఇవ్వాళ ఆర్డర్ మెయిల్ పంపుతారు. ఐదులోపు 'సరే' అని జవాబివ్వాలి. లేకపోతే మన పోటీదార్లు పాలకొల్లువాళ్ళకి ఇచ్చేస్తారు. ఈ ఆర్డర్ గానీ పోయిందా, షెడ్డు మూసెయ్యడమే. మ్యాట్లు నేసే ఇరవైమంది ఆడవాళ్ళకీ, మీకూ కూడా పనుండదు. తెలిసిందా?"

"ఆయ్" అన్నారు ముగ్గురూ. భీమేశ్వర్రావు పుస్తకంలో రాసుకున్నాడు. "తెలిసిందా" అన్నది కూడా రాశాడు.

తీరా చూస్తే మెయిల్ రాదు. సర్వర్‌తో సంబంధం కుదరడం లేదని కంప్యూటర్ మొండికేసింది. రామచంద్రపురంలో కంప్యూటర్లు బాగుచేసే నూకరాజుకి ఫోన్ చేశారు. ఆయన తొందరపనిలో ఉన్నాడు.

"ఇంటర్నెట్ డబ్బా ఆపేసి మళ్ళీ వెయ్యండి. తర్వాత పది నిమిషాలు దేన్నీ ముట్టుకోకండి" అన్నాడు.

అంతే. డబ్బా ఆపారు, వేశారు, ముగ్గురూ చేతులు గాల్లోకెత్తేశారు. తాతబ్బాయి చేతిలో టీ గ్లాసుంది. గ్లాసు కూడా 'దేన్నీ'లోకే వస్తుంది కదా, వదిలేశాడు. భళ్ళుమంది. ఇంతలో ఫోన్ మోగింది. మోగింది, మోగింది, ముగ్గురూ దాన్ని జాలిగా చూశారు.

"చెన్నైవాళ్ళేమోనండి" అన్నాడు తాతబ్బాయి.

"ఫోన్ వస్తే ఎత్తమని అయ్యగారు చెప్పింది నిరుడు. ముట్టుకోవద్దని నూకరాజు చెప్పింది ఇప్పుడు. ఏది ఆఖరుది?" అన్నాడు భీమేశ్వర్రావు.

"మరి నేల సంగతో? కాళ్ళు ముట్టుకుంటున్నాయి కదండి!" అంది వీరవేణి.

ఇంకేముంది! ముగ్గురూ గెంతడం మొదలెట్టారు. పైకి ఎగిరినంతసేపూ తప్పు లేదు, కిందపడ్డప్పుడల్లా తప్పు. తప్పు తగ్గించుకోవాలని తాతబ్బాయి మరీ పైకెగిరి, అదుపుతప్పి వెళ్ళి బల్లమీద పడ్డాడు. బల్లతోపాటు ఇంటర్నెట్ డబ్బా కూడా కిందకొచ్చింది.

పది నిమిషాలయ్యాక మళ్ళీ నూకరాజుకి ఫోన్ చేశారు. డబ్బా కిందపడిందని విని ఆయన నిట్టూర్చాడు. "తీగ ఎక్కడైనా తెగిందేమో. ఈ చివర్నించి ఆ చివరిదాకా చూడండి."

తాతబ్బాయి తీగ పట్టుకుని గోడదాకా వెళ్ళాడు. తీగ కిటికీలోంచి బయటికెళ్ళింది. అక్కణ్ణించి స్తంభమెక్కింది. అతను సైకిలెక్కి, తలెత్తి, తీగ వెనకే పోయాడు. అరగంటకి ఫోన్ చేశాడు.

"ఎక్కడా తెగలేదండి. కాకపోతే చివర రావట్లేదండి."

గంట తర్వాత ఇంకో ఫోన్. "ముక్తేశ్వరం రేవులో ఉన్నానండి. తీగ గోదావరి దాటేస్తోందండి. పంటు పడవెక్కమంటారా?"

భీమేశ్వర్రావు పుస్తకం చూశాడు. "ఆ చివరిదాకా అని ఉంది. ఎక్కెయ్."

ఇక్కడ నాలుగయ్యింది. షెడ్డులోంచి ఆడవాళ్ళొచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. "ఆర్డరొచ్చిందా అమ్మా?" అని వాళ్ళు అడుగుతుంటే వీరవేణికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, తెలివి లేకపోయినా మనసు మంచిది.

నూకరాజు పని ముగించుకుని తనే ఫోన్ చేశాడు. "అమ్మా, అసలు తెరమీద ఏం కనిపిస్తోంది?"

"పొద్దున్నించీ ఒక గడి వచ్చి పాస్‌వర్డ్ చెప్పమంటోందండి. ఎవరికీ చెప్పొద్దని సత్తిరాజుగారు ఒట్టేయించుకున్నారు. నేను చెప్తానా! వద్దు అని నొక్కేస్తున్నాను. ఎనభైసార్లు అడిగిందండి. సిగ్గైనా లేదు."

అవతల ఫటీమని నుదురు కొట్టుకున్న చప్పుడు వినిపించింది.

"కంప్యూటర్‌కి చెప్పొచ్చమ్మా" అన్నాడు నూకరాజు.

భీమేశ్వర్రావు రాశాడు, వీరవేణి చదివింది, తాతబ్బాయి లేడు కనక ఆమే వంగి కంప్యూటర్ పక్కన చెయ్యి అడ్డంపెట్టి గుసగుసగా చెప్పింది. కంప్యూటర్ ఉలకలేదు, పలకలేదు. "గట్టిగా చెప్పు, దానికి వినపడిందో లేదో" అన్నాడు భీమేశ్వర్రావు. ఆమె గట్టిగా అరిచింది. షెడ్డులో ఇరవైమందీ విన్నారు.

"నోటితో కాదు తల్లీ, అక్షరాల మీటలు నొక్కి ఆ గడిలో రాయి!" అని నూకరాజు ఫోన్‌లో మొత్తుకున్నాడు. రాసింది. గడి పోయింది, సర్వర్ కలిసింది, చెన్నై మెయిల్ టక్కున వచ్చి పడింది. నాలుగున్నర! ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మెయిల్ ఇంగ్లీషులో ఉంది. వీరవేణి తెలుగు చేసి చదివింది. "సత్తిరాజుగారికి నమస్కారం. పెద్ద హోటళ్ళు పన్నెండింటికీ మ్యాట్లు మీరే పంపాలి. ఐదులోపు ఒప్పుకున్నట్టు రాయండి."

"సరే అని రాసెయ్" అన్నాడు భీమేశ్వర్రావు.

"ఆగండి, అట్టడుగున ఇంకా ఉందండి. ఈ మెయిల్ ఎవరి పేరున పంపామో వారికి మాత్రమే. పొరపాటున వేరేవారికి చేరితే వెంటనే చెరిపేసి, ఆ సంగతి మాకు తెలియజేయండి."

ఇద్దరూ గదంతా చూశారు. భీమేశ్వర్రావున్నాడు, వీరవేణుంది. సత్తిరాజుగారు లేరు. బల్లకింద కూడా లేరు.

"ఎంత పని జరిగిపోయింది!" అని భీమేశ్వర్రావు గుండె పట్టుకున్నాడు. "పైన 'ఒప్పుకోండి' అని ఉంది, కింద 'చెరిపెయ్యండి' అని ఉంది. ఆఖరు మాట చెల్లాలి. కానియ్, కానియ్, ఐదవుతోంది!"

ఐదూ పదికి పెళ్ళిపందిట్లోంచి సత్తిరాజుగారు ఫోన్ చేశారు. వెనకాల సన్నాయి వినిపిస్తోంది.

"మెయిల్ వచ్చిందా?"

"వచ్చిందండి" అన్నాడు భీమేశ్వర్రావు.

"ఐదులోపు జవాబిచ్చారా?"

"పది నిమిషాల ముందే ఇచ్చామండి."

"నా తండ్రే! బతికించావయ్యా. ఏమని రాశావు?"

"మీ ఆర్డర్ పొరపాటున మాకొచ్చింది, చెరిపేశాం అని రాశామండి. వాళ్ళు మళ్ళీ వెతుక్కోకుండా పాలకొల్లువాళ్ళ అడ్రసు కూడా కింద ఇచ్చామండి."

 ఫోన్‌లో సన్నాయి మాత్రం మోగుతోంది.

"మీరేం కంగారుపడకండి, సర్వర్ ఇప్పుడు బ్రహ్మాండంగా ఉందండి" అన్నాడు భీమేశ్వర్రావు. "అప్పుడే థాంక్స్ చెప్తూ ఓ మెయిల్ కూడా వచ్చేసిందండి."

"ఎవరు, చెన్నైవాళ్ళా?" అన్నారు సత్తిరాజుగారు, కొసప్రాణంతో.

"కాదండి, పాలకొల్లువాళ్ళు."