సభాపతి పీఠంలో ఓబులేసు

కోదండపాణి గారు శాసనసభ కార్యదర్శిగా పనిచేసి రిటైరైన మనిషి. కొత్తగా గెలిచిన సభ్యులు సభా నియమాలు నేర్చుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్తుంటారు. నియమం అడిగితే నియమం చెప్తారు. అంతకు మించి అడిగితే ఎవరికో జరిగిన సంగతి చెప్పి ఊరుకుంటారు.

ఒక సాయంత్రం హైమవతి అనే సభ్యురాలు అడిగింది. "మాస్టారూ, ప్రభుత్వాన్ని దించే అధికారం సభకుంది కదా. మరి సభే ప్రభుత్వం చెప్పినట్టు ఎందుకు వింటుంది? విప్‌కి భయపడా?"

ఆయన ఓబులేసు సంగతి ఎత్తుకున్నారు.

ఓబులేసు పాలకపక్షం సభ్యుడు. ఆ ప్రభుత్వానికి బలం అంతంతమాత్రం. రైతు ఒప్పుకోకపోయినా పరిశ్రమలకు పొలాలు తీసుకోవచ్చనే బిల్లు వచ్చింది. ముందు పోయేవి ఓబులేసు నియోజకవర్గంలోని ఎర్రదిన్నె పొలాలే. "పార్టీ నుంచి వెళ్లగొట్టినా సరే, సభలో లేచి కాదంటాను" అన్నాడు. అదే మనసున్న మరికొందరు "నువ్వు లే, నీ వెనక మేం లేస్తాం" అన్నారు. చీఫ్ విప్ వరదరాజులు అంతా విన్నాడు. పల్లెత్తు మాట అనలేదు.

బిల్లు చర్చకు వచ్చిన రోజు వరదరాజులు చేతులు జోడించుకుని ఎదురొచ్చాడు. "అన్నా, సభాపతి గారికి వేరే పనుంది. ఉపసభాపతికి జ్వరం. ఈ పూట సభ నడిపించడానికి మీ పేరే అనుకున్నారు."

ఓబులేసు నాన్న ఎర్రదిన్నెలోనే కౌలురైతు. ఆ ఊరి జనం సందర్శకుల గ్యాలరీలో కూర్చుని ఉన్నారు. వాళ్ల కళ్లముందు ఆ పీఠం ఎక్కడమంటే మాటలా? సరేనన్నాడు. సభలోకి అడుగుపెట్టగానే ముఖ్యమంత్రితో సహా అందరూ లేచి చేతులు జోడించి నిలబడ్డారు.

కూర్చున్నాక గుర్తొచ్చింది. పీఠంలో ఉన్నవాడు చర్చలో మాట్లాడకూడదు. ఓట్లు సమానంగా చీలితే తప్ప ఓటూ వేయకూడదు. వెనక లేస్తామన్నవాళ్లు అతని ముఖం వంక చూశారు. అతను కాగితాల వంక చూశాడు. ముందు లేచేవాడు లేక వాళ్లూ కదల్లేదు. విపక్షం కేకల మధ్య ఓబులేసు బిల్లును మూజువాణి ఓటుకు పెట్టాడు, అనుకూలమే ఎక్కువన్నాడు. "బిల్లు ఆమోదం పొందింది" అని ప్రకటించిన గొంతు కూడా అతనిదే.

బయట వరండాలో నాగులమ్మ అనే ముసలామె అతని చెయ్యి పట్టుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు, మురిపెమే.

"అందరికన్నా ఎత్తున కూచున్న్యావు నాయనా! మా పొలాల మాట ఎప్పుడు చెప్పినావు? నాకు ఇనపడనేలేదే."

ఓబులేసు ఆ తర్వాత ఎర్రదిన్నెకు ఓట్లు అడగడానికి కూడా వెళ్లలేదు.

హైమవతి, "ఆయన్ని ఎవరూ బెదిరించలేదా మాస్టారూ?" అంది.

"లేదమ్మా" అన్నారు కోదండపాణి గారు. "లేచి నిలబడి నమస్కారం పెట్టారు."