ముద్దకూ ముద్దకూ మధ్య

పెన్నకు దక్షిణంగా, మూడు వైపులా కొండలు కాపుకాసిన ఒకానొక చిన్న రాజ్యాన్ని విజయకేతన భూపతి ఏలుతుండేవాడు. రాజ్యం చిన్నదే గాని, రాజుగారి బిరుదులు నలభై రెండు. ఆయన జన్మలో ఒక్కసారి యుద్ధానికి బయలుదేరాడు. దారిలో కుండపోతగా వాన కురిసినందున ఉభయ సైన్యాలూ తడిసి ఇళ్లకు మరలాయి. ఆ ఒక్క ప్రయాణం మీదనే పదకొండు బిరుదులు పుట్టాయి.

వాటిని కూర్చిన ఘనుడు ఆస్థాన పండితుడు సర్వేశ్వర ఘనాపాఠి. నలభై రెంటినీ ఒక్క ఊపిరిలో చదవగల దిట్ట తాను తప్ప భూమండలంలో మరొకడు లేడని ఆయన నమ్మకం. వినేవారికి ఒక్క ముక్కయినా అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోవడమే గొప్పతనమని రాజుగారు కూడా నమ్మారు.

కోట వెనుక పాత గుర్రపుశాలలో గుండయ్య పంతులు బడి నడుపుతుండేవాడు. ఆయన దగ్గర పిల్లలకు ఒక కొత్త విద్య అబ్బింది. వాక్యం ముగిసిన చోట చుక్క పెట్టడం అందరూ ఎరిగినదే. వాక్యం ముగియకుండానే మాటకూ మాటకూ ఎడం కావలసిన చోట, తోక ఉన్న చిన్న గీత ఒకటి వేయమని ఆయన నేర్పాడు. పిల్లలు దానికి 'తోకగింజ' అని ముద్దుపేరు పెట్టుకున్నారు.

నేర్పే పద్ధతి కూడా ఆయనదే. పిల్లల ముందు విస్తరాకులు వేసి, అటుకులూ బెల్లమూ పెట్టేవాడు. ఒక ముద్ద నోట పెట్టుకుని, నమిలి, మింగి, ఆ తర్వాతనే రెండో ముద్ద తీసుకోవాలి. "మాట కూడా ముద్ద వంటిదే. వినేవాడు దాన్ని మింగేందుకు వ్యవధి ఇవ్వాలి. ఆ వ్యవధే తోకగింజ" అనేవాడు. అత్యుత్సాహంతో ప్రతి మాటకూ గింజ వేసినవాడి పలక చూసి, "అన్నంలో రాళ్లు ఏరుకుంటూ తిన్నట్టుందిరా అబ్బాయీ" అని సగం గింజలు తుడిపించేవాడు.

ఒకనాడు రాజుగారు ఘనాపాఠితో కలిసి బడి చూడవచ్చారు. కుమ్మరి ఓబయ్య కూతురు నాగసాని లేచి, తాను స్వయంగా వ్రాసుకున్న రాజబిరుదావళిని చదవసాగింది. ఒక బిరుదు చదివి, గింజ దగ్గర ఆగి, మరొకటి చదివింది. అయిదు బిరుదులు దాటేసరికి రాజుగారి కనుబొమలు ముడివడ్డాయి.

ఆ పిల్ల ఎందుకు ఆగుతున్నదని ఆయన అడిగాడు. ఘనాపాఠి ముందుకు వంగి, సందేహించేవాడే నడుమ ఆగుతాడనీ, ప్రభువుల కీర్తిని శంకించడం ఈ బడిలో పాఠంగా చెబుతున్నారనీ విన్నవించాడు. ప్రతి బిరుదుకూ తగిన చోటు ఇవ్వడమే తప్ప వేరే తలంపు లేదని పంతులు ఎంత చెప్పినా రాజుగారి చెవికెక్కలేదు.

ఆ సాయంత్రమే శాసనం వెలువడింది. దానిని వ్రాసినవాడు ఘనాపాఠే. 'వ్రాతలో గాని, వాక్కులో గాని, రాజు పేరిట జరుగు ఏ కార్యములో గాని నడుమ విరామము కూడదు. రాజ జన్మదినము మరునాడు గుండయ్య బడి మూసి, ఆ శాలలో గుర్రములను కట్టవలెను.' 'ఏ కార్యములో గాని' అన్న ముక్క రాజుగారు అడిగింది కాదు. గాంభీర్యం కోసం ఘనాపాఠి చేర్చింది.

పంతులు నేరుగా తన బావ ఏకాంబరం ఇంటికి వెళ్లాడు. ఏకాంబరం రాజుగారి కొలువులో విదూషకుడు. రాజుగారి జన్మదిన విందు ఏర్పాట్లు చూడడం కూడా వంశపారంపర్యంగా ఆయనదే.

"నాకు బడి తప్ప వేరే లోకం లేదు బావా. నలభైమంది పిల్లలు. నాగసానికి ఇప్పుడిప్పుడే గింజ ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో తెలుస్తున్నది" అన్నాడు పంతులు.

ఏకాంబరం శాసనం ప్రతిని తెప్పించి మూడుసార్లు చదివాడు. మూడోసారి చదువుతూ మీసం దువ్వుకున్నాడు.

"ఘనాపాఠిగారు మహోపకారం చేశారు బావా. నువ్వు నిశ్చింతగా ఇంటికి పో. ఈ పాఠం నేను చెబుతాను" అన్నాడు.

జన్మదినం వచ్చింది. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఆ రోజు రాజుగారు సభికులతో పాటు ఒకే బంతిలో నేలమీద పీట వేసుకుని భోంచేస్తారు. బంతిలో కూర్చున్నవాడు, రాజైనా సరే, భోజనం ముగియకుండా లేవడం మహా అమర్యాద.

రాజుగారు కూర్చున్నారు. వారి కుడిచేతి పక్కన ఘనాపాఠి. అరటాకులు పరిచారు. ప్రతి ఏటా ముందు ఉప్పు, తర్వాత పప్పు, నెయ్యి, కూర, పచ్చడి, పులుసు, పరమాన్నం, చివరకు పెరుగు, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చేవి. ఆనాడు వడ్డించేవారు పదిమంది ఒకరి వెనుక ఒకరు రథంలా కదిలివచ్చారు. అన్నం మీద పప్పు, పప్పు మీద పులుసు, దాని మీద గోంగూర, ఆ పైన పరమాన్నం, అన్నిటికీ మీద పెరుగు పడ్డాయి. ఆకు నడుమ ఒక కొండ లేచింది. నెయ్యి దాని శిఖరం మీది నుంచి సెలయేరులా పారింది. నడుమ పెట్టిన బొబ్బట్టు గోంగూరలో సగం మునిగి, దిక్కుతోచక చూస్తున్నట్టుంది.

"ఏకాంబరం, ఇదేమిటి?" అన్నాడు రాజుగారు మెల్లగా.

"ప్రభువుల శాసనం. తమ పేరిట జరిగే ఏ కార్యంలోనూ విరామం కూడదన్నారు. పప్పుకూ పులుసుకూ మధ్య ఆగితే పప్పును శంకించినట్టవుతుందని భయపడ్డాం."

సభలో ఒకరిద్దరు దగ్గారు. రాజుగారు ఘనాపాఠి వంక చూశాడు. శాసనాన్ని కాదంటే తన వ్రాతనే కాదన్నట్టు కనుక, ఘనాపాఠి గొంతు సవరించుకుని, ఇది అఖండ భోజనమనీ, దేవతలకు కూడా దుర్లభమనీ సెలవిచ్చాడు. అంతమంది ఎదుట వెనక్కు తగ్గలేక రాజుగారు ముద్ద కలిపాడు.

"ఒక చిన్న మనవి ప్రభూ. ముద్దకూ ముద్దకూ నడుమ కూడా విరామం కూడదు" అన్నాడు ఏకాంబరం.

మొదటి ముద్దలో పరమాన్నమూ గోంగూరా కలిశాయి. రాజుగారి ముఖం ఒక వింత రంగు తిరిగింది. అది మింగకముందే రెండోది, రెండోది కదలకముందే మూడోది లోపలికి వెళ్లాయి. మూడో ముద్దకు పొలమారింది. కన్నుల వెంట నీరు కారింది. లేవబోయాడు గాని, బంతి మర్యాద గుర్తుకొచ్చి కూలబడ్డాడు. చేయి చాచి బొటనవేలు నోటివైపు చూపాడు.

వెండి చెంబు పట్టుకున్న సేవకుడు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. కానీ వాడు ఏకాంబరం వంక చూశాడు.

"నీళ్లు తాగడమంటే నడుమ ఆగడమే ప్రభూ. తమరు అనుమతిస్తే ఇక్కడ ఒక్క తోకగింజ వేస్తాను."

రాజుగారు తల ఊపిన ఊపుకు కిరీటం పక్కకు ఒరిగింది.

చెంబు అందింది. గుక్కెడు నీరు దిగింది. ఏకాంబరం ఎంతో వినయంగా వెనుక చేరి, పెద్దవాళ్లు పిల్లలకు తట్టినట్టు రాజుగారి నడినెత్తిన మెల్లగా తట్టాడు.

"పొలమారితే ఎవరో తలచుకుంటున్నారంటారు. గుండయ్య పంతులు బడి పిల్లలు అయి ఉంటారు. రేపటి నుంచి ఆ శాలలో గుర్రాలే కదా తమరిని తలచుకునేది."

రాజుగారు పక్కకు తిరిగి, "ఘనాపాఠిగారూ, మీరేమంటారు?" అన్నాడు.

శాసనభక్తితో ఘనాపాఠి అప్పటికి అయిదు ముద్దలు కుక్కుకుని ఉన్నాడు. రెండు బుగ్గలూ పూరీల్లా ఉబ్బి, కళ్లు మాత్రం చెంబును వెదుకుతున్నాయి.

రాజుగారికి ముందు నవ్వు ముక్కులోంచి వచ్చింది. తర్వాత పొట్టలోంచి వచ్చింది. "ముందు ఆయనకు కూడా ఒక గింజ వేయండయ్యా" అని చెంబును తానే పక్కకు జరిపాడు. బంతి అంతా పగలబడి నవ్వింది. ఆకులు మార్పించి, పప్పుతో మొదలుపెట్టి, ఒక్కొక్కటే వడ్డించమని ఆజ్ఞాపించాడు. శాసనం చించివేయించి, బడికి గుర్రపుశాలతో పాటు దాని ముందరి మామిడితోటను కూడా వ్రాసి ఇచ్చాడు. తన మెడలోని ముత్యాల సరం తీసి ఏకాంబరం మెడలో వేశాడు.

మరునాడు రాజుగారు ఏకాంబరాన్ని వెంటబెట్టుకుని మళ్లీ బడికి వెళ్లి, నాగసానిని బిరుదావళి మొదటినుంచి చదవమన్నాడు. ఆమె భయపడకుండా, ఒక్కొక్క గింజ దగ్గరా ఆగుతూ చదివింది. తన బిరుదులు ఒక్కొక్కటిగా మనసుపెట్టి వినడం రాజుగారికి అదే మొదలు. ఎనిమిది బిరుదుల వరకు చిరునవ్వుతో తల ఊపాడు. తొమ్మిదోది 'శత్రుసైన్య ప్రళయ భైరవ'. ఆమె ఆగింది. ఆ కాస్త వ్యవధిలో రాజుగారికి ఆనాటి వాన గుర్తుకొచ్చింది.

ఆయన ఓరకంట ఏకాంబరాన్ని చూశాడు. ఏకాంబరం అతిశ్రద్ధగా దూలాలు లెక్కపెడుతున్నాడు.

"తల్లీ," అన్నాడు రాజుగారు నవ్వు ఆపుకోలేక, "ఆ తొమ్మిదోది కొట్టేసి, ఎనిమిదో దాని దగ్గరే చుక్క పెట్టెయ్."